బెజ్జాలు కలవట్లేదా? ముందు డ్రిల్ కింద పెట్టండి: ఇంట్లో కట్టే విమానంలో అలైన్‌మెంట్ తప్పులు సరిచేసే పద్ధతి

రివెట్లతో అల్యూమినియం విమానం కట్టే ప్రతివాళ్లకీ ఏదో ఒక సాయంత్రం ఇది ఎదురవుతుంది. స్కిన్, అంటే పైన కప్పే రేకు మీది పది బెజ్జాలు కింద రిబ్, అంటే రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పక్కటెముక మీది బెజ్జాలతో చక్కగా కలుస్తాయి, పదకొండోది సగం మూసుకుపోయి కనిపిస్తుంది, పన్నెండోది ఇంకాస్త పక్కకి పోతుంది, డ్రిల్ చేతిలోనే ఉంటుంది, కాస్త వెడల్పు చేస్తే సరిపోదా అనిపిస్తుంది. అనిపిస్తే అనిపించనివ్వండి, కానీ చేయకండి. బెజ్జం దగ్గర కనిపించే తేడాకి కారణం చాలాసార్లు అక్కడ ఉండదు. రెండడుగుల అవతల వంగిపోయిన రిబ్‌లో, తిరగేసి పెట్టిన ముక్కలో, సమంగా లేని బల్లలో ఉంటుంది. కారణం దొరక్కముందే బెజ్జాన్ని పెద్దది చేశారంటే తప్పు అలాగే మిగిలిపోతుంది, దాన్ని పట్టిచ్చే గుర్తు మాత్రం పోతుంది.

ఇది అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్ కేటగిరీ కింద గరాజ్‌లో విమానం కట్టుకునేవాళ్ల కోసం. ఉదాహరణకి ఆరిగాన్ రాష్ట్రం అరోరాలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల ఆర్‌వీ-7 లాంటి కిట్ తీసుకున్నాను, ఎందుకంటే ఈ రకం కిట్లే ఎక్కువమంది కడుతున్నారు, ఇందులో ఫ్యాక్టరీ వేసిన బెజ్జాలూ ఉంటాయి, మనమే కొలిచి వేయాల్సిన చోట్లూ ఉంటాయి. కర్ర, గుడ్డతో కట్టేవాళ్లకి రివెట్ల భాగం అక్కర్లేదు గానీ కొలతల భాగం అలాగే పనికొస్తుంది. ఒక షరతు: ఇక్కడ చెప్పినదానికీ మీ కిట్ ప్లాన్‌కీ తేడా వస్తే ప్లాన్ మాటే చెల్లుతుంది.

1. ఆపండి, క్లీకోలు తీయండి, ముక్కని గుర్తుపట్టండి

క్లీకో అంటే రివెట్ పడేదాకా రెండు రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను. 3/32 అంగుళం బెజ్జానికి వెండి రంగుది, 1/8 అంగుళానికి రాగి రంగుది. ఇవి గట్టిగా లాగి పట్టుకుంటాయి కాబట్టి అన్ని బెజ్జాల్లో క్లీకోలు ఉండగా చూస్తే తేడా దాగిపోతుంది. తప్పు కనిపించిన చోటు నుంచి రెండు వైపులా క్లీకోలు తీసేసి, స్కిన్‌ని వదులుగా వాలనిచ్చి చూడండి. తేడా బెజ్జం బెజ్జానికీ పెరుగుతూ పోతోందా, ఒక్కచోటే ఉండి మళ్లీ సర్దుకుంటోందా?

పెరుగుతూ పోతుంటే ముక్క తప్పుగా కూర్చుంది, లేదా కింద ఏదో వంగింది. ఒక్కచోటే ఉంటే ఆ ఒక్క బెజ్జమే తప్పు. ఇది తేలకుండా ముందుకి వెళ్లడంలో అర్థం లేదు.

తర్వాత పార్ట్ నంబరు చూడండి, ఎడమా కుడా చూడండి, పైదా కిందదా చూడండి. చిన్నపిల్లలకి చెప్పినట్టు ఉందని నవ్వుకోకండి. ఎడమ, కుడి రిబ్బులు అద్దంలో బింబాల్లా ఉంటాయి, తారుమారు చేసినా మొదటి నాలుగైదు బెజ్జాలు కలిసిపోతాయి. ఈ ఒక్క చూపుతోనే తేలిపోయే కేసులు బోలెడు.

2. రిబ్ వంకర: అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే ఉంటాడు

ప్రెస్‌లో వంచి చేసిన రిబ్‌కి చుట్టూ అంచు ఉంటుంది, దాన్నే ఫ్లాంజ్ అంటాం. వంపు తిరిగిన చోట ఆ అంచులో లోహం కుంచించుకుపోవాలి, కానీ అల్యూమినియం అంత తేలిగ్గా కుంచించుకోదు, అందుకే మిగిలిన పొడవు ఎక్కడికి పోవాలో తెలియక రిబ్ మొత్తం విల్లులా వంగుతుంది. బల్ల మీద పడుకోబెడితే రెండు చివర్లూ తాకి మధ్యలో లేస్తుంది, లేదా అటుదిటు. ఇలాంటి రిబ్ మీద బెజ్జాలు సరళరేఖలో ఉండవు, స్కిన్ మీద మాత్రం ఉంటాయి. ఇక కలవమంటే ఎలా కలుస్తాయి?

దీనికి మందు ఫ్లూటింగ్ ప్లయర్. బెజ్జానికీ బెజ్జానికీ మధ్యలో, సరిగ్గా మధ్యలో, ఫ్లాంజ్‌ని కొద్దిగా నొక్కితే చిన్న ముడత పడి ఎక్కువైన పొడవు అందులోకి పోతుంది. ఒకేచోట గట్టిగా నొక్కకండి, అన్నిచోట్లా కొంచెం కొంచెం నొక్కుతూ ప్రతిసారీ బల్ల మీద పెట్టి చూడండి. ముడత రివెట్ తల కిందికి రాకూడదు. స్కేలు ఆనించి చూస్తే బెజ్జాల మధ్య బిందువులన్నీ ఒకే గీత మీద ఉండాలి, అప్పుడు ఆపేయండి. ఎక్కువ నొక్కితే రిబ్ ఎదురువైపు వంగుతుంది, అది కంగారు పడాల్సిందేం కాదు, ముడతని మెల్లగా చదును చేస్తే తిరిగి వస్తుంది.

ఫ్లాంజ్ 90 డిగ్రీలు ఉందో లేదో కూడా చిన్న మూలమట్టం పెట్టి చూడాలి. ఎక్కువ తక్కువలుంటే స్కిన్ రిబ్ మీద సమంగా కూర్చోదు, బెజ్జం అర మిల్లీమీటరు జరగడానికి అది చాలు. ఈ రెండూ సరిచేశాక మళ్లీ క్లీకోలు పెట్టి చూడండి. చాలామందికి సమస్య ఇక్కడితోనే అయిపోతుంది, డ్రిల్ ముట్టుకోకుండానే.

ఎండ సంగతి కూడా ఒక మాట. అల్యూమినియం ఒక డిగ్రీ సెల్సియస్‌కి మీటరుకి దాదాపు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. గరాజ్ తలుపు తెరిచి ఉండి రెండున్నర మీటర్ల స్కిన్ ఎండలో నీడకంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఒక మిల్లీమీటరు పైగా పెరుగుతుంది, దాని కింది స్పార్, అంటే రెక్క పొడవునా సాగే దూలం మాత్రం నీడలో చల్లగా ఉంటుంది. టెక్సస్ వేసవిలో మధ్యాహ్నం కలవని బెజ్జాలు మర్నాడు పొద్దున కలిశాయంటే అది దేవుడి మహిమ కాదు.

3. మెలి: మూసేముందే పట్టుకోవాలి

రెక్క గానీ ఎలివేటర్ (తోకలో ముక్కుని పైకీ కిందకీ తిప్పే పలక) గానీ మెలి తిరిగి ఉంటే దాన్ని సరిచేయడానికి ఒకే ఒక్క గడువు ఉంది, అది రెండో వైపు స్కిన్ రివెట్ చేసేదాకా. ఒక వైపు తెరిచి ఉన్నంతసేపూ నిర్మాణం చేత్తో తిప్పితే తిరుగుతుంది. మూత అంటించిన అట్టపెట్టె ఎలా బిగుసుకుపోతుందో, రెండో స్కిన్ పడగానే ఇదీ అలా బిగుసుకుపోతుంది, అప్పుడు మెలి ఎంత ఉందో అంతా లోపల శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత చేత్తో తిప్పి సరిచేద్దామనుకుంటే రేకు ముడత పడుతుంది గానీ మెలి పోదు.

కాబట్టి రెండో స్కిన్ క్లీకోలతో మాత్రమే ఉన్న దశలో ఇలా చూడండి. రెక్క స్టాండ్ మీద ఉంటే, మన మేస్త్రీలు గోడ నిలువు చూసుకోడానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారే, అలాంటి గుండ్లు నాలుగు తీసుకోండి. రెక్క మొదట్లో రెండు, చివర్లో రెండు, ముందు స్పార్ దగ్గరా వెనక స్పార్ దగ్గరా ఒకే కొలతలో వేలాడదీయండి. పక్క నుంచి కన్ను పెట్టి చూస్తే మొదట్లోని జత దారాలూ చివరి జత దారాలూ ఒకదాన్ని ఒకటి కప్పేయాలి. గుండు ఊగుతూ విసిగిస్తే నీళ్ల డబ్బాలో ముంచి ఉంచండి, వెంటనే నిలకడకొస్తుంది.

మెలి కనిపిస్తే క్లీకోల్లో సగం తీసేసి, స్టాండ్‌లో చివరి రిబ్ ఆధారాన్ని జరిపి దారాలు కలిపి, మళ్లీ మధ్య నుంచి బయటికి క్లీకోలు పెట్టుకుంటూ రండి. ఫ్యాక్టరీ బెజ్జాలు సరిగ్గా ఉన్న కిట్లలో ఇంత హంగామా అక్కర్లేదని కొందరంటారు. అది నిజమే, బెజ్జాలన్నీ బలవంతం లేకుండా కలిస్తే రెక్క నేరుగానే వస్తుంది. బలవంతంగా కలిపారా లేదా అన్నది దారాలే చెప్తాయి, అందుకే నేనైతే వేలాడదీయమనే చెప్తాను.

ఎలివేటర్, రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు పలక) లాంటి చిన్నవాటికి సమతలమైన బల్ల, మీద సమంగా బరువులు చాలు. బల్ల సమతలంగా ఉందో లేదో ముందు ఎదురెదురు మూలలకి బిగుతుగా దారాలు కట్టి చూసుకోండి. రెండూ మధ్యలో సరిగ్గా తాకాలి, ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటే బల్లే మెలి తిరిగిందన్నమాట.

4. బెజ్జమే తప్పు పడితే

కారణం తేలింది, సరిచేశారు, అయినా ఒకటో రెండో బెజ్జాలు నిజంగానే పక్కకి పడ్డాయి, లేదా రెండుసార్లు డ్రిల్ పడి ఎనిమిది అంకెలా అయ్యాయి. ఇక్కడ చూడాల్సింది రెండే కొలతలు. రివెట్ కాండం వ్యాసం డి అనుకుంటే, బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకి కనీసం 2 డి ఉండాలి, తల రేకులోకి దిగిపోయే ఫ్లష్ రివెట్‌కి 2.5 డి మంచిది. పక్క రివెట్ మధ్యకి కనీసం 3 డి ఉండాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1998లో తెచ్చిన ఏసీ 43.13-1బీ అనే ఉచిత పుస్తకం రిపేర్లకి అందరూ తీసి చూసేది. గరాజ్ గోడకి ఆ రివెట్ల పట్టికలు అంటించుకున్నా తప్పులేదు.

3/32 రివెట్ వేయాల్సిన చోట బెజ్జం చెడితే 1/8 రివెట్‌కి పెంచొచ్చు, అంటే 40 నంబరు డ్రిల్ బదులు 30 నంబరు. అయితే 1/8కి 2 డి అంటే పావు అంగుళం, అది అంచు దగ్గర మిగిలి ఉందో లేదో ముందు కొలవండి. ఫ్లష్ చోట్ల ఇంకో ఉపాయం ఉంది: ఎన్ఏఎస్ 1097 రివెట్లు. వీటి తల చిన్నది, 1/8 కాండం మీద దాదాపు 3/32 రివెట్‌కి ఉండేంత తల. బిల్డర్లు ముద్దుగా ఊప్స్ రివెట్లంటారు, పేరులోనే ఉంది ఎందుకు కొంటారో. ఓ చిన్న పొట్లం ముందే తెప్పించుకోండి, అవసరం పడదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

వేసేసిన రివెట్ తీయాలంటే తల మధ్యలో చిన్న గుంట పెట్టి, కాండం సైజు డ్రిల్‌తో లేదా ఒక నంబరు చిన్నదానితో తల మందం వరకే దింపండి, లోపలికి పోకండి. ఆ గుంటలో పిన్ పంచ్ పెట్టి పక్కకి వంచితే తల ఊడి వస్తుంది. తర్వాత వెనక బరువైన ఇనప దిమ్మ ఆనించి, రేకు వంగకుండా, కాండాన్ని పంచ్‌తో కొట్టి దించండి. మొత్తం డ్రిల్ చేసి లాగేద్దామనుకుంటే కాండం బిట్‌తో పాటు తిరిగి బెజ్జాన్ని తినేస్తుంది. ఒక వంకర రివెట్ తీయబోయి మంచి బెజ్జాన్ని పాడుచేసుకోవడం కంటే, తల కాస్త వంకరగా ఉన్న రివెట్‌ని పరిమితుల్లో ఉంటే వదిలేయడమే మేలు. వెనక వైపు నలిగిన తల వెడల్పు 1.5 డి, ఎత్తు 0.5 డి దరిదాపుల్లో ఉండి, పగుళ్లు లేకపోతే అది పని చేస్తుంది.

చేయకూడనివి: బెజ్జాన్ని ఎపాక్సీతో నింపి రివెట్ వేయడం, అది బరువు మోయదు. 2024-టీ3 రకం అల్యూమినియం రేకుని వెల్డింగ్ చేయడం, వేడికి దాని బలం పోతుంది. మెయిన్ స్పార్‌లో తప్పు బెజ్జం పడితే సొంత తెలివి అస్సలు వాడకండి, ఫొటో తీసి, అంచు దూరాలు కొలిచి కిట్ కంపెనీ ఇంజనీర్లకి పంపండి. జవాబు వచ్చేదాకా వేరే పని చూసుకోండి.

5. రెక్కలు బిగించే రోజు

ఆర్‌వీ-7 తరహా విమానాల్లో అందరికీ టెన్షన్ పెట్టేది వెనక స్పార్ బోల్టు బెజ్జం. ముందు స్పార్ బెజ్జాలు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, డైహెడ్రల్ అంటే రెక్కలు పైకి లేచే కోణం 3.5 డిగ్రీలు అక్కడే ఖాయమైపోతుంది. కానీ రెక్క ముందుకీ వెనక్కీ ఎంత, దాని ముక్కు పైకీ కిందకీ ఎంత, ఈ రెండూ వెనక బోల్టు పడే చోటుని బట్టే ఉంటాయి. ఒక్క బెజ్జం రెండు కోణాల్ని శాశ్వతంగా నిర్ణయిస్తుంది. ఒక రోజంతా దీనికే కేటాయించండి, సాయానికి ఓ మనిషిని పెట్టుకోండి.

ముందు బాడీని కాక్‌పిట్ పక్కన ఉన్న లాంజరాన్ల (బాడీ పొడవునా సాగే కడ్డీల) మీద లెవెల్ పెట్టి ముందుకీ వెనక్కీ, పక్కకీ సమం చేయండి. డిజిటల్ లెవెల్‌ని ఒకసారి చూసి, చివర్లు తిప్పి పెట్టి మళ్లీ చూడండి. రెండు అంకెలూ తేడా వస్తే లెవెల్‌లోనే తప్పుంది, సగటు తీసుకోండి. ఎవరైనా బాడీని తగిలితే మళ్లీ మొదటి నుంచి.

రెక్కల్ని ముందు స్పార్ దగ్గర తేలిగ్గా దూరే కాస్త సన్న బోల్టులతో తాత్కాలికంగా పట్టించండి, అసలు బోల్టులు ఇప్పుడే కొట్టకండి. ఒక్కో రెక్క ముందంచు నుంచి రెండేసి గుండ్లు వేలాడదీసి, నేల మీద ఓ దారం లాగి కట్టండి. ఆర్‌వీ రెక్కకి స్వీప్, అంటే వెనక్కి వాలు లేదు కాబట్టి నాలుగు గుండ్ల మొనలూ ఒకే దారం మీదికి రావాలి. తర్వాత రెండు రెక్కల చివర్ల నుంచి బాడీ తోక మధ్య బిందువుకి టేపుతో కొలవండి, రెండూ సమానం కావాలి.

ఇక ఇన్సిడెన్స్, అంటే రెక్క ముక్కు పైకీ కిందకీ ఉండే కోణం. ప్లాన్ చెప్పిన ఎత్తు చెక్క దిమ్మని వెనక స్పార్ మీద పెట్టి, దాని మీదుగా ముందుకి సాగే బద్ద మీద లెవెల్ పెట్టి రెండు రెక్కలకీ చూడండి. ప్లాన్‌లోని అంకెకి 0.1 డిగ్రీ అటూఇటూ అయితే నేను పెద్దగా బాధపడను, రెండు రెక్కలకీ మధ్య అంత తేడా ఉంటే మాత్రం పడతాను, ఎందుకంటే అది గాల్లో ఒక పక్కకి లాగుతుంది. రెండు స్పార్ల మధ్య 700 మిల్లీమీటర్లు ఉందనుకుంటే 0.1 డిగ్రీ అంటే వెనకాల 1.2 మిల్లీమీటర్లు. అంటే వెనక స్పార్‌ని కాగితం మందాల్లో జరుపుతున్నామన్నమాట, సన్న చెక్క చీలికలు బాగా పనికొస్తాయి.

అన్నీ కుదిరాక క్లాంపులు బిగించండి, మళ్లీ అన్నీ కొలవండి, బిగింపులోనే జరిగిపోతుంది మరి. ఇప్పుడు అంచు దూరం. ఇక్కడి బోల్టు ఏఎన్5, వ్యాసం 5/16 అంగుళం, కాబట్టి బెజ్జం మధ్య నుంచి అంచుకి కనీసం 5/8 అంగుళం కావాలి, రెక్క వైపు ముక్కలోనూ, బాడీ వైపు ముక్కలోనూ. రెండింటి అంచులూ మార్కర్‌తో గీసుకుని అతివ్యాప్తి ఉన్న చోట 5/8 దొరుకుతుందో లేదో చూడండి. దొరక్కపోతే డ్రిల్ చేయకండి. రెండు రెక్కల్నీ సమానంగా కాస్త ముందుకో వెనక్కో జరిపితే చోటు దొరకొచ్చు. ఒక్క రెక్కని జరపకండి. అదీ కుదరకపోతే కంపెనీని అడిగి ముక్క మార్చడమో, వాళ్లు ఒప్పుకున్న అదనపు పట్టీ వేయడమో చేయాలి.

దొరికితే ముందు చిన్న డ్రిల్‌తో, నిటారుగా ఉంచే డ్రిల్ దిమ్మ సాయంతో ఒక బెజ్జం. అందులో పిన్ను దూర్చి కొలతలన్నీ మళ్లీ. చిన్న బెజ్జం తప్పయితే పెద్దది చేసేటప్పుడు గుండ్రటి ఆకురాయితో ఒక పక్కకి లాగి సరిచేసే వీలుంటుంది, పూర్తి సైజు పడ్డాక ఆ వీలు ఉండదు. ఆ తర్వాతే మెట్టు మెట్టుగా పెంచి, చివర్లో బెజ్జాన్ని కచ్చితమైన సైజుకి నున్నగా తెచ్చే రీమర్.

6. తోక: తేడాలో సగమే జరపాలి

హారిజాంటల్ స్టెబిలైజర్, అంటే తోకలోని అడ్డ రెక్క రెండు చివర్ల నుంచి బాడీ మీద ముందున్న ఒక మధ్య బిందువుకి కొలుస్తారు. ఎడమ కొలత కుడి కంటే 6 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చిందనుకోండి. చాలామంది ఎడమ చివరని 6 ముందుకి లాగుతారు, అప్పుడు కుడిది అంతే వెనక్కి పోతుంది, తేడా ఎదురు పక్కకి తిరిగి మళ్లీ అంతే నిలుస్తుంది. మధ్యలో తిరిగే వస్తువు కదా, ఒక చివర ముందుకి వచ్చినంత రెండోది వెనక్కి వెళ్తుంది. కాబట్టి తేడాలో సగం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు జరిపి మళ్లీ కొలవండి.

స్టెబిలైజర్‌కీ బాడీకీ మధ్య ఖాళీ కనిపిస్తే బోల్టు బిగించి మూసేయకండి. బ్రాకెట్‌లో నిరంతరం ఒత్తిడి ఉండిపోయి, ఇంజన్ కంపనం తోడై, కొన్నాళ్లకి పగులు పడుతుంది. ఖాళీకి సరిపడే మందం అల్యూమినియం షిమ్ (సన్న పూరక పలక) పెట్టి, ఆ తర్వాతే డ్రిల్. నిలువు ఫిన్ విషయంలో ఒక జాగ్రత్త: కొన్ని డిజైన్లలో ప్రొపెల్లర్ గాలి మెలికని సరిపెట్టడానికి దాన్ని కావాలనే కొద్దిగా పక్కకి పెడతారు. అది తప్పనుకుని నేరుగా చేసేయకముందు ప్లాన్ చదవండి.

7. ఎగిరాక తేలే తేడాలు

ఫేజ్ వన్ టెస్ట్ ఫ్లైట్లలో, అంటే మామూలుగా మొదటి 25 లేదా 40 గంటల్లో, కంట్రోల్ స్టిక్ వదిలితే ఒక రెక్క దిగిపోతుంటే వెంటనే ఐలెరాన్ (రెక్క వెనకంచున విమానాన్ని పక్కలకి వాల్చే పలక) మీద పడకండి. ఒక గాలన్ పెట్రోలు దాదాపు 6 పౌండ్లు, రెండు ట్యాంకులు సమానంగా ఉన్నాయా? ఆర్‌వీ-7లో సీట్లు పక్కపక్కనే, ఒక్కరే కూర్చుంటే ఎడమ బరువెక్కడం సహజం. స్లిప్ చూపించే బంతి మధ్యలో ఉందా? పక్కకి పోయి ఉంటే ముందు దాన్ని చూడండి, రడ్డర్ వెనకంచు మీద బంతి వెళ్లిన పక్కకి ఎదురు పక్కన చిన్న చెక్క చీలికని టేపుతో అంటించి ఎగిరి చూస్తే తేలిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా దిగుతుంటే ఐలెరాన్లు రెక్క ఉపరితలంతో సమంగా కూర్చున్నాయో, బ్రాకెట్లు పైకో కిందకో పడ్డాయో చూడండి. చివరి మార్గం, మడత వెనకంచు ఉన్న ఐలెరాన్‌ని నొక్కడం. బరువుగా ఉన్న రెక్కది కాదు, తేలిగ్గా ఉన్న రెక్క ఐలెరాన్ వెనకంచుని వెడల్పు దవడల ప్లయర్‌తో, రెండు పక్కలా సన్న చెక్కలు పెట్టి, పొడవునా కొంచెమే నొక్కాలి. నొక్కడం తేలిక, తిరిగి తెరవడం కష్టం, కాబట్టి కొంచెం నొక్కి ఎగిరి చూసి మళ్లీ కొంచెం.

చేసిన ప్రతి సవరణనీ బిల్డర్ లాగ్‌లో ఫొటోతో, కొలతలతో రాయండి, ముందు ఎంత, తర్వాత ఎంత. తనిఖీకి వచ్చేవాళ్లకి అది కావాలి, విమానం కొనబోయేవాళ్లకీ కావాలి. స్కిన్లు మూసేముందు ఒకసారి, రెక్కల బెజ్జం వేసేముందు ఒకసారి ఈఏఏ టెక్నికల్ కౌన్సిలర్‌ని పిలవండి. 1953లో మొదలైన ఈ హోమ్‌బిల్డర్ల సంఘం సభ్యులకి ఆ సేవ ఉచితం. వచ్చేముందు రోజు గుండ్లు, దారాలు తీసేయకండి, ఉన్నవి ఉన్నట్టే వదిలి మీ కొలతల్ని ఆయన చేతే మళ్లీ తీయించండి.